రోడ్డు పక్క మంచులో సీసం, జింక్ చూడాలంటే

మాంట్రియల్‌లో మా వీధి మంచు ఫిబ్రవరికల్లా బూడిద రంగుకు తిరిగిపోతుంది. మా అమ్మాయి దాన్నే గ్లాసులో నింపి, వాళ్ల తాతయ్య కడప నుంచి పంపిన నన్నారి షర్బత్ పోసుకుని తినబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. ల్యాబ్‌లో నేను చేసే పని ఇదే కాబట్టి, ఆ మంచును పరీక్షకు ఎలా తీయాలో చెప్తాను.

టైర్ల నుంచి జింక్, బ్రేకుల నుంచి రాగి, ఆంటిమొనీ, పాత పెయింట్ల నుంచి సీసం చలికాలమంతా మంచులో పొరలు పొరలుగా పేరుకుంటాయి. మంచు కరగడం మొదలైతే నీటిలో కరిగే లోహాలే ముందు జారిపోతాయి. అందుకే అంతకుముందే తీయాలి. పైన నిన్న పడిన తెల్లమంచు ఒక్కటే తీస్తే ఏమీ తెలియదు, నిలువునా అడుగు దాకా తీయండి. నేలకు రెండు వేళ్ల మందం మాత్రం వదిలేయండి. మట్టి కలిసిందంటే లెక్కంతా పాడవుతుంది.

లోహపు పనిముట్టు ఏదీ వద్దు. మొదటి ఏడాది నేను జింక్ పూత ఉన్న పార వాడాను. జింక్ విపరీతంగా వస్తే రోడ్డుదే అనుకున్నాను, తీరా చూస్తే అది పారది. ఆ శాంపిళ్లన్నీ పారబోయాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధే. ప్లాస్టిక్ గొట్టం, పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు, నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి శుద్ధజలంతో కడిగిన ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. గొట్టం వ్యాసం, మంచు లోతు, బరువు రాసుకోండి. చదరపు మీటరుకు ఎంత లోహం పేరుకుందో వాటితోనే తేలుతుంది. రోడ్డు అంచున ఒకటి, కాస్త దూరంగా ఒకటి, పార్కు నడుమ ఒకటి తీస్తే పోల్చుకోవచ్చు.

మూత పెట్టి, గది వేడికే కరగనివ్వండి. ఆ నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. ఫిల్టర్ మీద కాటుకలా నల్లటి పొర మిగులుతుంది. సీసం ఎక్కువగా అందులోనే ఉంటుంది, పారేయకండి. మా అమ్మాయికి ఆ ఫిల్టర్‌నే చూపించాను, మళ్లీ మంచు నోట్లో పెట్టుకోలేదు.

వడకట్టాకే నీటిలో నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. ముందే కలిపితే మసిని పట్టుకున్న లోహం కూడా నీటిలోకి వచ్చేస్తుంది. ఒక డబ్బాలో ఉత్త శుద్ధజలం పోసి, దానికీ ఇవే పనులన్నీ చేయండి. అందులో జింక్ కనిపిస్తే తప్పు మన దగ్గరే ఉన్నట్టు. శాంపిళ్లు ఇచ్చేటప్పుడు రోడ్డు మీద ఉప్పు చల్లారని ల్యాబ్‌వాళ్లకు చెప్పడం మరిచిపోకండి. ఉప్పు ఎక్కువైతే లోహాలు కొలిచే మెషీన్ లెక్క తప్పుతుంది కాబట్టి, వాళ్లు నీరు పలుచన చేశాకే అందులో పెడతారు.