ప్రభుత్వ ఐటీఐలో సీటు: ఫారం నింపే ముందు పేరు సరిచూసుకోండి

ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల ట్రేడ్లు (అంటే కోర్సులు). వీటికి టెన్త్ పాసై ఉండాలి. వెల్డర్ ఏడాది, వైర్‌మన్ రెండేళ్లు. ఈ రెండింటికీ ఎనిమిదో తరగతి చాలు. వయసు 14 ఏళ్లు నిండాలి.

తెలంగాణలో దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల అప్‌లోడ్, వెబ్ ఆప్షన్లు (ఏ ఐటీఐ, ఏ ట్రేడ్ కావాలో వరసగా ఎంచుకోవడం), సీటు కేటాయింపు, ఆ తర్వాత ఐటీఐకి వెళ్లి రిపోర్ట్ చేయడం. వరస ఇంతే, కష్టమేమీ లేదు.

పిల్లలు వెనక్కి తిరిగి వచ్చేది ఎక్కువగా పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఒకదాంట్లో సాయికుమార్ కలిపి, ఇంకోదాంట్లో సాయి, కుమార్ విడివిడిగా. చిన్నప్పుడు ఆధార్ తీసినప్పుడు పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని రాయించిన వాళ్లూ తక్కువేం కాదు. ‘చూసీ చూడనట్టు వదిలేస్తారులే’ అనుకోకండి. శిక్షణ ముగిశాక ఇచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ మీద పడేది ఈ వివరాలే. రేపు రైల్వేలోనో, విద్యుత్ సంస్థలోనో ఉద్యోగానికి వెళ్తే టెన్త్ మెమోతో పోల్చి చూస్తారు.

మార్చాల్సింది మెమో కాదు, ఆధార్. మెమోలో దిద్దించడం చాలా పెద్ద పని. ఒరిజినల్ మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి. పేరు జీవితకాలంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. అందుకే ఆపరేటర్ కొట్టిన స్పెల్లింగ్‌ని మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివాకే సరేననండి. అప్‌డేట్ కావడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లండి. మొబైల్ నంబరు కూడా అప్పుడే లింక్ చేయించుకోండి.

ఆ నంబరు సంగతే ఇంకొకటి. ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపించుకోవడం తప్పు కాదు. కానీ అక్కడివాళ్లు తమ ఫోన్ నంబరు వేస్తే సీటు వచ్చిన మెసేజ్ వాళ్లకే పోతుంది, పాస్‌వర్డూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. మీ నంబరే వేయించండి. ఆప్షన్లు కూడా మీరే కాగితం మీద వరసగా రాసుకుని వెళ్లండి. ప్రభుత్వ ఐటీఐ సీటు మార్కుల మెరిట్, రిజర్వేషన్ బట్టే వస్తుంది. ‘ఇంత ఇస్తే సీటు ఖాయం’ అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మార్కులు తక్కువని బెంగపడొద్దు. మొదటి విడతలో రాకపోతే సీట్లు మిగిలిన ట్రేడ్లకు తర్వాతి విడతలు ఉంటాయి.

సీటు వచ్చాక ఇచ్చిన గడువులోపు రిపోర్ట్ చేయాలి, లేకపోతే సీటు పోతుంది. టీసీ, మెమో, కుల ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తీసుకెళ్లండి. టీసీ అక్కడే ఉంచుకుంటారు, ఇచ్చే ముందు రెండు మూడు జిరాక్సులు తీయించుకోండి.