పౌచ్ ఉన్నా ఫోన్‌కు ఈ రోగాలేంది? ముందు పౌచ్ తీసి చూడండి

తిరుపతిలో ఫోన్లు రిపేరు చేసే నాకు రోజూ వినపడే మాట: “పౌచ్ ఉందన్నా, కింద కూడా పళ్లేదు, అయినా ఇట్లయింది.” పౌచ్ తీసి చూశారా అంటే మాత్రం జవాబుండదు.

సమస్య: కాల్‌లో స్క్రీన్ నల్లబడి తిరిగి రావడం లేదు.
ఫోన్ చెవి దగ్గర పెడితే స్క్రీన్‌ను ఆర్పే సెన్సార్‌ను టెంపర్డ్ గ్లాస్ పై అంచు కప్పేసి ఉంటుంది. పీకి కొత్తది సరిగా అంటించండి. ఫ్లిప్ కవరైతే అందులోని అయస్కాంతం పని కావచ్చు.

సమస్య: ఛార్జింగ్ ఎక్కడం లేదు.
పౌచ్ రంధ్రం ఇరుకైతే పిన్ పూర్తిగా దిగదు. పౌచ్ తీసినా అంతేనా? పోర్టులో ప్యాంటు జేబు పీచు ఉంటుంది. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. పిన్నీసు వద్దు.

సమస్య: పౌచ్ బిగుసుకుపోయింది, డిస్‌ప్లే అంచు లేస్తోంది.
నేను దెబ్బతిన్నది ఇక్కడే. “అన్నా, నువ్విచ్చిన పౌచ్ ఇప్పుడు ఎక్కడంలేదే” అని ఒకాయన వస్తే, ఫోన్ కూడా చూడకుండా కాస్త వదులుది ఇచ్చి పంపించేశాను. నెల తిరక్కముందే మళ్లీ వచ్చాడు. డిస్‌ప్లే ఒక పక్కంతా లేచి, సందులోంచి వెలుగు కనపడుతోంది. బ్యాటరీ ఉబ్బింది!

లిథియం బ్యాటరీ పాతబడినా, వేడికి దెబ్బతిన్నా లోపల గ్యాస్ పుట్టి దిండులా లేస్తుంది. గట్టి పౌచ్ ఆ ఉబ్బును కనపడనివ్వదు. వేడెక్కడిదని ఆరా తీస్తే, గుడిలోకి ఫోన్ రానివ్వరని దర్శనానికి పోయినప్పుడల్లా కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసేవాడంట. 45 డిగ్రీలు దాటే చోట ఐఫోన్‌ను ఉంచొద్దని ఆపిలే చెబుతుంది. మన మే నెల ఎండలో మూసిన కారు ఆ మాత్రం కాగడానికి ఎంతోసేపు పట్టదు.

పౌచ్ తీసి, స్కేలు అంచును స్క్రీన్ మీదా, వెనక ప్యానెల్ మీదా నిలబెట్టండి. చదునుగా ఉండాల్సిన చోట స్కేలు అటూఇటూ ఊగితే అనుమానించాల్సిందే. ఛార్జింగ్ ఆపండి, స్విచాఫ్ చేయండి. నొక్కి ఫెవిక్విక్‌తో అతికించే తెలివి వద్దు, బ్యాటరీ చిరిగితే మంటే. షాపులో బ్యాటరీ మార్పించండి. ఆ తర్వాత ఫోన్ నీళ్లకు మునుపటిలా తట్టుకుంటుందని నమ్మకండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి.

బోర్డు (ఫోన్ లోపలి సర్క్యూట్ పలక), ఐసీ (దాని మీది చిప్) పోవడం అరుదు. షాపువాడు ఫోన్ విప్పకుండానే “బోర్డన్నా” అంటే ఇంకో షాపు చూసుకోండి.

పౌచ్ వద్దని కాదు. ఫోన్ మూల మీద పడితే పగిలేది అద్దమే. మూలలు మందంగా, అంచు స్క్రీన్ కంటే కాస్త ఎత్తుగా ఉన్న మెత్తటి పౌచ్ చాలు. ఛార్జింగ్‌లో ఫోన్ వేడెక్కుతుంటే పౌచ్ తీసి పక్కన పెట్టండి.