డాలస్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొంటున్నారా?

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు కొత్తగా దిగిన మన కుటుంబాలకు కారు లేనిదే రోజు గడవదు. వచ్చిన కొన్ని నెలలకే చాలామంది కన్ను ఐదారేళ్ళ నాటి బీఎండబ్ల్యూ ఎక్స్5 మీదో, ఆడి క్యూ7 మీదో పడుతుంది. కొత్త టయోటా హైలాండర్‌కు పెట్టే డబ్బులోపే వస్తుంటే ఎందుకు వదులుకోవాలి అనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది గానీ, దాని స్పేర్ పార్టుల ధర పడదు. అరవై వేల డాలర్ల బండి మీకు పాతిక వేలకు దొరికినా, రిపేరుకు ఇచ్చిన రోజు అది అరవై వేల బండే.

బీఎండబ్ల్యూ, ఆడి, మెర్సిడెస్ కొత్త బండికి ఇచ్చే వారంటీ 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళు. ఐదేళ్ళ బండికి అది అయిపోయినట్టే. ఆ తర్వాత ఎయిర్ సస్పెన్షన్ పోయినా, ఆయిల్ లీకైనా ఖర్చు మీదే. అందుకే కాస్త ఎక్కువైనా కంపెనీ ‘సర్టిఫైడ్ ప్రీ ఓన్డ్’ బండి, అంటే కంపెనీయే పరీక్షించి వారంటీతో అమ్మే పాత బండి చూడమంటాను. పాత వారంటీ అయ్యాక బీఎండబ్ల్యూ ఇంకో ఏడాది, లెక్సస్ రెండేళ్ళు ఇస్తాయి, మైళ్ళ పరిమితి లేకుండా. ఏదో ఒక డీలరు తనే ‘సర్టిఫైడ్’ అని అద్దం మీద రాసుకున్నది దీంతో సమానం కాదు. ఆ వారంటీ ఎవరిదో కాగితం మీద చూపించమనండి.

నన్నడిగితే మొదటి లగ్జరీ బండిగా 2016–2022 మధ్య వచ్చిన లెక్సస్ ఆర్‌ఎక్స్ 350 మంచిది. మామూలు 87 ఆక్టేన్ గ్యాస్‌తో (ఇక్కడ పెట్రోలును గ్యాస్ అంటారు) నడుస్తుంది, ఎక్స్5కు ఖరీదైన ప్రీమియం గ్యాస్ కావాలి. అయితే మామూలు ఆర్‌ఎక్స్‌లో మూడో వరస ఉండదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉంటారనుకుంటే మూడో వరస ఉన్న అక్యూరా ఎండీఎక్స్ లాంటివి చూడండి. కొనే ముందు ఆ సీటులో మీరే ఒకసారి ఎక్కి కూర్చోండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది కుదురుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

బండి నచ్చాక దాని గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబరు తీసుకుని, ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి) ఉన్నాయేమో ఉచితంగా చూడండి. బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టు కూడా చదవండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఇన్సూరెన్స్‌కు చెప్పని యాక్సిడెంటు, వరద నీళ్ళు అందులో కనిపించకపోవచ్చు. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ వైపు లక్షల బండ్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో, సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. ముక్కిన వాసన వస్తే ఇక ఆలోచించకండి. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. కాబట్టి ఆ బ్రాండు తెలిసిన బయటి మెకానిక్ చేత తప్పకుండా చూపించండి. సుమారు 150–300 డాలర్లు అవుతుంది. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు.

డీలరు దగ్గర మొదటి ప్రశ్న ‘నెలకు ఎంత కట్టగలరు?’ అనే వస్తుంది. దానికి జవాబు చెప్పకండి. 84 నెలలకు సాగదీస్తే ఏ బండైనా చవగ్గానే కనిపిస్తుంది. 6.25 శాతం పన్ను, ఫీజులు అన్నీ కలిపి ‘ఔట్ ద డోర్’ ఎంతో రాతపూర్వకంగా అడగండి. క్రెడిట్ హిస్టరీ లేనివాళ్ళకు వడ్డీ గట్టిగా పడుతుంది, ముందే ఏదైనా క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) లోన్ అప్రూవల్ తెచ్చుకుంటే బేరమాడే బలం ఉంటుంది. అద్దానికి అంటించిన కాగితం మీద ‘యాజ్ ఈజ్’ అని ఉంటే తర్వాత వచ్చే రిపేర్లు మీవే. మూడు రోజుల్లో వాపసు ఇవ్వొచ్చన్న మాట కార్ల డీలర్లకు వర్తించదు.

ఇండియాకు వెళ్ళిపోతున్నవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే బండ్లు బాగానే ఉంటాయి. మనవాళ్ళే కదా అని టైటిల్ (బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) చూడకుండా డబ్బు పంపొద్దు. లోన్ మిగిలి ఉంటే టైటిల్ బ్యాంకు పేరున చిక్కుకుని ఉంటుంది, ఇద్దరూ కలిసి బ్యాంకుకు కట్టి విడిపించుకోండి. పన్ను తగ్గుతుందని ధర తక్కువ రాయించుకునే ఆలోచన ఇక్కడ పనిచేయదు. రాసిన ధర, రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను. టైటిల్ మార్పు దరఖాస్తు అయిన 130-యు ఫారంతో 30 రోజుల్లోపు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో పేరు మార్పించుకోవాలి, వీలైతే అమ్మేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

ఇండియాలో ఎన్నేళ్ళు నడిపినా ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు లెక్కలోకి తీసుకోవు. అందుకే డబ్బు ఇచ్చే ముందే విన్ నంబరుతో ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కోట్ తెప్పించుకుని, బండి తీసుకునే రోజు నుంచే పాలసీ మొదలయ్యేలా చూసుకోండి. డీలరు దగ్గర కాకుండా మామూలు మనిషి దగ్గర కొంటే, అమ్మినవాళ్ళు తమ నంబర్ ప్లేట్లు తీసేసుకుంటారు. ఇంటిదాకా నడుపుకోవడానికి టెక్సాస్ డీఎంవీ (రాష్ట్ర వాహనాల శాఖ) సైటులో ట్రాన్సిట్ పర్మిట్ ఉచితంగా వస్తుంది, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.