పాత ల్యాప్‌టాప్ పోయి మరో పాతది వచ్చింది

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్తది కొనాలని లేదు కాబట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ మోడళ్లు చూశాను. వాటిని విప్పడం తేలిక, విడిభాగాలూ దొరుకుతాయి.

విండోస్ 11 ఎక్కాలంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం, ఆపైనే చూడాలి. ఐ5-8250యూ అని ఉంటే గీత తర్వాతి 8 ఆ తరం సంఖ్య. ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోనక్కర్లేదు. ఐ7-7500యూలో కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండే, ఈ ఐ5లో నాలుగు!

నాకు అసలు టెన్షన్ బ్యాటరీతోనే. అమ్మే ఆయన్ను అడిగి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ కమాండ్ ఇంగ్లిష్‌లో కొట్టాను. వచ్చిన రిపోర్టులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) పక్కపక్కన చూస్తే ఎంత అరిగిందో తెలిసిపోతుంది. మొదట చూసిన ల్యాప్‌టాప్‌లో ఫుల్ ఛార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీలో సగం కూడా లేదు, వదిలేశాను.

తర్వాతి దాంట్లో బ్యాటరీ నయం. బయోస్‌కి (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ లేదు. ర్యామ్ బోర్డుకి అతికించి లేదు, ఖాళీ స్లాట్ కూడా ఉంది. కీబోర్డులో అక్షరాలు కాస్త చెరిగాయి, ఫర్వాలేదు. తీసుకున్నాక డిస్క్ మొత్తం చెరిపి విండోస్ 11 కొత్తగా వేశాను.