సౌతాంప్టన్ ఫైబర్ ల్యాబ్‌కి కొత్తగా వస్తున్నవారికి

ఆప్టికల్ కమ్యూనికేషన్స్‌లో పీహెచ్‌డీకో, పోస్ట్‌డాక్‌కో సౌతాంప్టన్ యూనివర్సిటీకి వస్తున్నారా? ముందు కాగితాల పని ముగిద్దాం.

ఏటాస్ సర్టిఫికెట్ (కొన్ని సైన్స్, ఇంజినీరింగ్ సబ్జెక్టులకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కావాలని మీ ఆఫర్ లెటర్‌లో ఉంటే ఆ రోజే అప్లై చేయండి. డబ్బు కట్టక్కర్లేదు కానీ వారాలు పడుతుంది, అది చేతికి రాకుండా వీసా ముందుకు కదలదు. వీసా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, కార్డు ఇవ్వరు. హీత్రూ నుంచి సౌతాంప్టన్‌కి నేరుగా కోచ్ ఉంది. ఎక్కువమంది స్టూడెంట్లు పోర్ట్స్‌వుడ్ వైపు ఇళ్లు తీసుకుంటారు. అక్కడి నుంచి హైఫీల్డ్ క్యాంపస్‌కి నడిచిపోవచ్చు. అడ్వాన్సు మామూలుగా 5 వారాల అద్దె మించకూడదు. దాన్ని ఓనర్ 30 రోజుల్లోగా డిపాజిట్ స్కీమ్‌లో (అద్దె అడ్వాన్సుల్ని భద్రంగా ఉంచే ఏర్పాటు) పెట్టాలని చట్టం. నా మొదటి ఇంటి ఓనర్ పెట్టలేదు, నేనూ మొహమాటపడి అడగలేదు. ఖాళీ చేసే రోజున తెలిసొచ్చింది.

ల్యాబ్‌లో ఆ మొహమాటం ఇంకా ఖరీదు.

1987లో ఇక్కడి ప్రొఫెసర్ డేవిడ్ పేన్ బృందం ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్‌తో (ఫైబర్ అంటే వెలుగు రూపంలో సిగ్నల్‌ని మోసే గాజు తీగ) యాంప్లిఫయర్ చేసి చూపించింది ఇక్కడే. అంతకుముందు దూరం వెళ్లి నీరసించిన సిగ్నల్‌ని కరెంటుగా మార్చి, బాగుచేసి, మళ్లీ వెలుగుగా పంపాల్సి వచ్చేది. ఇప్పుడు వెలుగును వెలుగుగానే పెంచుతాం. ఆ పేన్‌ని కూడా అందరూ డేవిడ్ అనే అంటారు. మీ ప్రొఫెసర్‌నీ పేరు పెట్టే పిలవాలి. ‘సార్’ మానడానికి నాకు ఏడాది పట్టింది.

ఫైబర్ తీసే టవర్ని తప్పకుండా చూడండి. తీగపాకం తెలుసుగా? గాజు కడ్డీని 2000 డిగ్రీల దాకా వేడిచేసి అలాగే సాగదీస్తారు. చివరికి వచ్చేది 125 మైక్రాన్ల తీగ, అంటే వెంట్రుకంత.

మొదటి నెలలో నేను ఫైబర్లను కలిపే కనెక్టర్లలో ఆకుపచ్చ దాన్ని నీలం దానికి తగిలించాను. ఆకుపచ్చ దాని కొస 8 డిగ్రీల వాలుగా, నీలం దాని కొస తిన్నగా అరగదీసి ఉంటాయి. రెండూ కలిస్తే మధ్యలో సందు మిగిలి పవర్ పడిపోతుంది. మూడు రోజులు లేజర్‌నే తిట్టుకున్నాను. నాలుగో రోజు టెక్నీషియన్ వచ్చి ఒక్క చూపులో కనిపెట్టేశాడు. మొదటి రోజే అడిగుంటే సరిపోయేది.

మేం వాడే 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు. అందుకే లేజర్ ఆపకుండా ఫైబర్ కొసను శుభ్రం చేయకండి, కొస వైపు తొంగిచూడకండి. తెగిన ముక్కలు వేయడానికి వేరే డబ్బా ఉంటుంది. అవి చర్మంలో గుచ్చుకుంటే వెతికి తీయడం నరకం.

కాన్ఫరెన్సుల్లో పెద్దవి రెండు: మార్చిలో కాలిఫోర్నియాలో జరిగే ఓఎఫ్‌సీ, సెప్టెంబర్ ప్రాంతంలో యూరప్‌లో జరిగే ఈకాక్. బ్రిటన్ వీసాతో ఫ్రాన్స్‌కి కూడా వెళ్లలేం, షెంగెన్ వీసా వేరేగా తీసుకోవాలి. పేపర్ అంగీకరించారని తెలిసే దాకా ఆగితే అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. పేపర్ పంపిన రోజే తేదీలు చూసుకోండి.

ఉద్యోగం సంగతికొస్తే, పోస్ట్‌డాక్ కాంట్రాక్టులు ప్రాజెక్టు డబ్బు ఉన్నంతకాలమే. ఆరు నెలల ముందే “తర్వాత ఏంటి?” అని నోరు తెరిచి అడగండి. ఇక్కడ అది అమర్యాద కాదు. కంపెనీల వైపూ చూడండి. మధ్యలో గాజుకు బదులు గాలి ఉండే హాలో కోర్ ఫైబర్ మీద ఈ యూనివర్సిటీ నుంచి 2017లో లుమెనిసిటీ అనే కంపెనీ పుట్టింది. 2022లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. మామూలు ఫైబర్‌లో కిలోమీటరుకు సిగ్నల్ దాదాపు 0.2 డీబీ (డెసిబెల్) నష్టమైతే, ఈ రకం ఫైబర్‌లో 0.1 కంటే తక్కువ సాధించినట్టు 2025లో పేపర్ వచ్చింది. అది చదవకుండా మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లకండి.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. లేజర్ ల్యాబ్‌లో బయటి వెలుగే ఉండదు. మధ్యాహ్నం ఓసారి బయటపడి, క్యాంపస్ పక్కనే ఉన్న కామన్ అనే పెద్ద పార్కులో నడిచి రండి. గొడుగు కంటే టోపీ ఉన్న జాకెట్టే నయం, ఇక్కడి గాలికి గొడుగు నిలవదు.