డిలే పెడల్ ఎంచుకోవడం, అది మొరాయిస్తే దారికి తేవడం ఎలా?

గిటార్ స్వరాన్ని కాస్త ఆలస్యంగా, ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే, కాలితో నొక్కే పెట్టె డిలే పెడల్. అలా తిరిగొచ్చే స్వరాలే రిపీట్లు. పాడైపోయిందని నా దగ్గరికి తెచ్చే డిలే పెడల్స్‌లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తప్పు అడాప్టరో, లోపల తెగిన కేబులో, పెట్టకూడని చోట పెట్టడమో కారణమై ఉంటుంది. అరగంటలో తేలే దానికి జనం పెడల్‌నే అమ్మేస్తున్నారు. నా స్నేహితుడు ఒకడు పెడల్ ఊరికే మోత పెడుతోందని అలాగే అమ్మేసి ఇంకోటి కొన్నాడు. అదీ అదే మోత మోగింది. అప్పుడు గానీ వాడికి అడాప్టర్ మీద అనుమానం రాలేదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: గిటార్, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె), రెండు కేబుళ్లు, ఒక కొత్త 9 వోల్టుల బ్యాటరీ, ఈ పెడల్‌కి మాత్రమే వాడే విడి అడాప్టర్. ఆ రెండు కేబుళ్లనూ నేరుగా గిటార్ నుంచి ఆంప్‌కి పెట్టి, ప్లగ్ దగ్గర కదిలించి చూడండి. చిటపటలాడని కేబుళ్లతోనే పని మొదలుపెట్టాలి.

1. ఏ రకమో తేల్చుకోండి

డిలేలు మూడు రకాలు. మొదటిది టేప్. రోలాండ్ 1974లో తెచ్చిన స్పేస్ ఎకో లాంటి యంత్రాల్లో టేపు తిరుగుతూ ఉంటే ఒక హెడ్ శబ్దాన్ని రాస్తుంది, కొంచెం అవతల ఉన్న హెడ్ దాన్ని చదువుతుంది. రాసిన చోటి నుంచి చదివే చోటికి టేపు చేరడానికి పట్టే సమయమే డిలే. టేపు కాస్త ఊగిసలాడుతుంది కాబట్టి శబ్దమూ ఊగుతుంది. వినడానికి ఎంత బాగున్నా, మోసుకు తిరగడానికీ శుభ్రం చేసుకోవడానికీ ఓపిక కావాలి. ఆ రంగు కావాలంటే టేపును అనుకరించే డిజిటల్ పెడల్ చాలు.

రెండోది అనలాగ్. వీటి గుండె బకెట్ బ్రిగేడ్ అనే చిప్. ఇది 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పుట్టింది. ఇల్లు అంటుకున్నప్పుడు మనుషులు వరసగా నిలబడి నీళ్ల బకెట్లను చేతులు మార్చుకుంటారు చూడండి, అలాగే ఈ చిప్ శబ్దాన్ని చిన్న చిన్న విద్యుత్ మోతాదులుగా ఒక గది నుంచి పక్క గదిలోకి పోస్తూ పోతుంది. పేరున్న ఎంఎన్3005 చిప్‌లో 4096 గదులు. వాటిని నడిపే క్లాక్ (ఎంత వేగంగా పోయాలో చెప్పే లయ సంకేతం) 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే అవతలికి చేరడానికి దాదాపు 205 మిల్లీసెకండ్లు పడుతుంది. ఇంకా ఆలస్యం కావాలంటే క్లాక్‌ను ఇంకా నెమ్మది చేయాలి. అలా చేస్తే కీచుమనే పై శబ్దాలు నిలవవు, వాటిని ముందే వడగట్టేయాలి. అనలాగ్ రిపీట్లు మసకగా, మెత్తగా వినబడేది అందుకే. అది లోపం కాదు. మీరు వాయించే స్వరానికి అడ్డు రాకుండా వెనక్కి తగ్గి నిలబడే గుణం అది.

మూడోది డిజిటల్. ఇది శబ్దాన్ని అంకెలుగా మార్చి మెమరీలో దాచి, అడిగినంతసేపటికి తిరిగి ఇస్తుంది. రిపీట్ అసలు స్వరమంత స్పష్టంగా ఉంటుంది, సెకన్ల కొద్దీ డిలే దొరుకుతుంది. ఒక సంగతి మాత్రం గమనించండి. పెట్టె మీద 'అనలాగ్' అని కనబడే చవక పెడల్స్ కొన్నింటిలో ఉండేది పీటీ2399 అనే చిప్. అది డిజిటల్‌దే. వినడానికి బాగానే ఉంటుంది, వద్దని నేననను. కానీ పేరు చూసి మురిసిపోకండి.

నా మాట ఒక్కటే. సోలోలు చిక్కగా వినబడాలంటే 300 మిల్లీసెకండ్లు దాటే అనలాగ్ తీసుకోండి. పాట లయతో రిపీట్లు కలిసి నడవాలంటే ట్యాప్ టెంపో (కాలితో లయ తట్టి వేగం చెప్పే స్విచ్) ఉన్న డిజిటల్ తీసుకోండి. మొదటి డిలే కొనేవాళ్లు వంద ప్రీసెట్ల (ముందే దాచిపెట్టిన సెట్టింగుల) పెడల్ జోలికి పోకూడదు. వాయించాల్సిన గంట మెనూలు తిప్పడంలోనే గడిచిపోతుంది. రెండు ఆంప్‌లు లేనివాళ్లకి స్టీరియో అక్కర్లేదు.

2. చోటు

స్వరాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్ పెడల్స్ (క్లుప్తంగా డ్రైవ్) తర్వాత డిలే, డిలే తర్వాత పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించే రివర్బ్. దీని మీద వాదనలు చాలా ఉన్నాయి, నేను వాటిలోకి దిగను. డ్రైవ్ ముందు డిలే పెడితే అసలు స్వరం, రిపీట్లు అన్నీ కలిసి ఒకే గ్రైండర్‌లో పడి ముద్దైపోతాయి. డిస్టార్షన్ ఆంప్‌లోనిదే వాడేవాళ్లయితే డిలేను ఆంప్ వెనక ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టాలి. సిగ్నల్ బయటికి వచ్చే సెండ్ జాక్ నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి, పెడల్ అవుట్‌పుట్ నుంచి తిరిగి ఆంప్‌లోకి వెళ్లే రిటర్న్ జాక్‌కి. లూప్‌లో పెట్టగానే రిపీట్లు చిట్లుతున్నాయంటే పెడల్ తట్టుకోలేనంత గట్టి సిగ్నల్ వస్తోందని అర్థం. సెండ్ లెవెల్ నాబ్ ఉంటే తగ్గించండి. పెడల్‌లోనే ఇన్‌పుట్ లెవెల్ స్విచ్ ఉంటే దాన్ని లైన్ వైపు పెట్టండి.

3. నాబ్‌లు

టైమ్ అంటే ఎంత ఆలస్యం, ఫీడ్‌బ్యాక్ అంటే ఎన్నిసార్లు, మిక్స్ అంటే ఎంత గట్టిగా. వాయించేటప్పుడు మిక్స్‌ను గడియారంలో 11 గంటల చోటు దాటించకండి, అంతే.

టైమ్‌కి లెక్క ఉంది. 60,000ను పాట బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. 120 బీపీఎం పాటకి 500. అందులో ముప్పావు వంతు, అంటే 375 పెడితే గుర్రం పరుగులా వినబడే డాటెడ్ ఎయిత్ వస్తుంది. లెక్క తప్పేమీ కాదు. కానీ స్టేజి మీద డ్రమ్మర్ 120 దగ్గర ఆగడు, ఊపు వచ్చేకొద్దీ ముందుకు జరుగుతాడు. అందుకే నేను చెవినే నమ్ముతాను. ఫీడ్‌బ్యాక్ సగానికి, మిక్స్ చివరిదాకా పెంచండి. ఎడమ చేత్తో తీగలన్నీ అదిమి, కుడి చేత్తో బీటు మీద ఒక్కసారి 'చిక్' మనిపించండి. వెనక వచ్చే చిక్‌లు బీట్ల మీద పడేదాకా టైమ్ నాబ్‌ను గోరంత గోరంత జరపండి. కుదిరాక మిక్స్ తగ్గించండి. ఒకటి రెండు నెలలు ఇలా చేస్తే మిల్లీసెకండ్ల పట్టికతో పని ఉండదు.

4. మోత ఎక్కడిదో పట్టుకోవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మోత వినగానే అడాప్టర్ మారుస్తారు, కేబుల్ మారుస్తారు, పెడల్ వరస మారుస్తారు, అన్నీ ఒకేసారి. మోత పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు. పది రోజులకి మళ్లీ వస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది పనిచేయకపోతే దాన్ని మొదట ఉన్నట్టే పెట్టి, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోవాలి.

ముందు మోతను సరిగ్గా వినండి. లావుగా 'జుమ్' అని ఆగకుండా వస్తే అది కరెంటు లైన్ హమ్. సన్నగా 'కీ' మని వస్తే ఏదో డిజిటల్ పెడల్ క్లాక్ కరెంటు తీగ ద్వారా బయటికి కారుతోంది. ట్యాప్ లైటు మిణుకుతో పాటు 'టిక్ టిక్' మంటే ఆ లైటు లాగే కరెంటే కారణం కావచ్చు. అనలాగ్ పెడల్‌లో కీచుమంటే టైమ్ నాబ్ తిప్పి చూడండి. దానితో పాటు కీచు శ్రుతి మారుతోందంటే అది ఆ పెడల్ సొంత క్లాక్. టైమ్ చివరిదాకా పెంచినప్పుడు మాత్రమే సన్నగా వినబడితే రోగం కాదు, నాబ్ కాస్త వెనక్కి తిప్పితే పోతుంది.

తర్వాత గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ దాదాపు పోయిందంటే అది గిటార్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) పట్టుకొస్తున్నది. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లకి ఈ గుణం పుట్టుకతోనే ఉంది. ఆంప్‌కి దూరంగా జరిగి, మెల్లగా పక్కకి తిరిగి చూడండి. ఏదో ఒక దిక్కున తగ్గుతుంది. పాపం డిలే పెడల్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు.

పోలేదంటే అన్నీ విప్పేయండి. గిటార్, డిలే, ఆంప్, రెండు కేబుళ్లు, అంతే. బ్యాటరీ పట్టే పెడల్ అయితే బ్యాటరీ మీద పెట్టండి. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉన్న పెడల్‌ని పాడైందని ఎవరన్నా నమ్మకండి. బ్యాటరీ పట్టని డిజిటల్ పెడల్ అయితే దాని విడి అడాప్టర్ ఒక్కటే వాడండి.

ఆ అడాప్టర్ గుచ్చే ముందు ఆగండి. పెడల్ సాకెట్ పక్కన రాసింది చదవాలి, మూడు విషయాలు చూడాలి. మొదటిది వోల్టేజి. 9 రాస్తే 9 ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే శబ్దం బాగుంటుందన్న మాట కొన్ని డ్రైవ్ పెడల్స్‌కి చెల్లుతుంది. 9 వోల్టుల డిలేకి 18 ఇస్తే లోపలి చిప్‌లు కాలిపోవచ్చు. రెండోది పోలారిటీ. చాలా పెడల్స్‌కి మధ్య పిన్ను మైనస్, కానీ అన్నింటికీ కాదు. సాకెట్ పక్కన ఉండే చిన్న బొమ్మలో మధ్య చుక్క నుంచి వెళ్లే గీత చివర మైనస్ ఉందో ప్లస్ ఉందో చూసి, అడాప్టర్ మీద బొమ్మతో సరిపోల్చండి. కొన్ని పెడల్స్ డీసీ కాదు, ఏసీ అడుగుతాయి. అదీ అక్కడే రాసి ఉంటుంది. మూడోది మిల్లీయాంపియర్లు. పెడల్ 300 అడిగితే అడాప్టర్ 300 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇవ్వగలగాలి. ఎక్కువ ఉంటే నష్టం లేదు, పెడల్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే గొడవ. లైటు వెలుగుతుంది గానీ శబ్దం రాదు, లేదా పెడల్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది.

ఇక్కడిదాకా నిశ్శబ్దంగా ఉంటే విప్పిన పెడల్స్‌ని ఒక్కొక్కటే తిరిగి కలపండి. ముందు కేబుళ్లు, ఆ తర్వాత ఉమ్మడి కరెంటు. ఏది కలపగానే మోత తిరిగొచ్చిందో అదే దొంగ. ఎక్కువసార్లు ఆ దొంగ, ఒకే అడాప్టర్ నుంచి నాలుగైదు పెడల్స్‌కి పంచే గొలుసు తీగ. డిజిటల్ పెడల్ కరెంటును ఒకే ధారగా తాగదు, తన క్లాక్ లయలో గుటకలు గుటకలుగా తాగుతుంది. ఆ గుటకల అలికిడి అందరూ పంచుకునే తీగలో ప్రయాణించి పక్కనున్న డ్రైవ్ పెడల్‌లోకి చేరుతుంది. డ్రైవ్ దాన్ని గిటార్ శబ్దంతో పాటే వందింతలు చేస్తుంది. అందుకే మోత డ్రైవ్ నొక్కినప్పుడు బయటపడుతుంది, తిట్లు డ్రైవ్‌కి పడతాయి. మందు: డిలేకి సొంత అడాప్టర్, లేదా ప్రతి అవుట్‌పుట్ విడిగా వేరుచేసి ఉన్న పవర్ సప్లై. నాయిస్ గేట్ కొనడం కాదు. గేట్ మీరు వాయించనప్పుడు మోతను మూసేస్తుంది, దాంతో పాటు రిపీట్ల తోకనూ కత్తిరించేస్తుంది.

ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టినవాళ్లకి ఇంకో చిక్కు. ముందున్న పెడల్స్‌కీ, లూప్‌లోని డిలేకీ ఒకే సప్లై ఇస్తే ఆంప్‌తో కలిసి గ్రౌండ్ (అన్నింటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు తీగ) ఒక గుండ్రటి దారి అవుతుంది. ఆ ఉంగరంలో హమ్ తిరుగుతూ ఉంటుంది. డిలేకి వేరుచేసిన అవుట్‌పుట్ ఇచ్చి చూడండి. తగ్గకపోతే లూప్ కేబుల్ మధ్యలో తీగలు నేరుగా కలవకుండా శబ్దాన్ని మాత్రమే దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె పెట్టాలి.

ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని చెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పోతుంది, నిజమే. కానీ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో ఏదైనా తేడా వస్తే ఆ కరెంటు మీ వేళ్లకొస్తుంది. ఒక చేయి తీగల మీద, పెదవి మైక్ మీద ఉన్నప్పుడు అది ప్రాణం తీసే పని. హమ్‌తో వాయించండి గానీ ఆ పిన్ను ముట్టుకోకండి.

5. మిగతా చిల్లర జబ్బులు

బ్యాటరీ వేసినా వెలగడం లేదంటే ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ పెట్టండి. చాలా పెడల్స్‌కి అదే స్విచ్. వాయించనప్పుడు కేబుల్ తీసేయకపోతే బ్యాటరీ అయిపోయేదీ అందుకే. రిపీట్లు ఆగకుండా పెరిగి ఊళగా మారితే ఫీడ్‌బ్యాక్ తగ్గించండి. ఆఫ్ చేశాక కూడా రిపీట్లు కాసేపు వినబడితే అది ట్రెయిల్స్ అనే సదుపాయం. అసలు స్వరం పోయి రిపీట్లు మాత్రమే వస్తుంటే కిల్ డ్రై స్విచ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. ట్యాప్ నొక్కిన దానికీ వచ్చిన దానికీ పొంతన లేకపోతే బీటును ఎలా విడగొట్టాలో చెప్పే సబ్‌డివిజన్ నాబ్ చూడండి. నాబ్ తిప్పితే గరగరమంటే కరెంటు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి ఇరవైసార్లు తిప్పండి.

అనలాగ్ పెడల్ మూత విప్పితే లోపల చిన్న స్క్రూల్లాంటి ట్రిమ్ పాట్‌లు కనబడతాయి. అవి చిప్ బయాస్‌కీ (అది సరిగ్గా పనిచేయడానికి ఇచ్చే స్థిర వోల్టేజికి), క్లాక్‌కీ ఫ్యాక్టరీలో సరిచేసి పెట్టినవి. ఒకసారి ఊరికే చూద్దామని ఒకటి తిప్పాను. రిపీట్లు పూర్తిగా మాయమయ్యాయి. మళ్లీ రప్పించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది, వచ్చాక కూడా మునుపటిలా మెత్తగా లేవు. తప్పనిసరై ముట్టుకోవాల్సి వస్తే, తిప్పే ముందు సన్న మార్కర్‌తో ప్రతి స్క్రూ మీదా గీత గీసి ఫోన్‌తో ఫొటో తీసుకోండి.