బండి కొన్నప్పుడు పన్ను ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు: నల్గొండ, పాలమూరు కొనుగోలుదారుల కోసం

బ్యాటరీ బండి ధర చెప్పే సేల్స్ కుర్రవాడు చివర్లో ఒక మాట కలుపుతాడు: "లక్షన్నర దాకా ఇన్‌కం టాక్స్ మినహాయింపు కూడా ఉంది సార్." ఆ మాట ఒకప్పుడు నిజమే, కానీ ఇప్పుడు కొత్తగా అప్పు తీసుకునేవారికి వర్తించదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రిక్ వాహనం కోసం చేసిన అప్పుపై కట్టే వడ్డీలో ఏడాదికి రూ.1,50,000 వరకు ఆదాయం నుంచి తీసివేయవచ్చు గానీ, ఆ అప్పు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపల మంజూరై ఉండాలి. ఆ తేదీల మధ్య బ్యాంకు నుంచో, అర్హత గల ఫైనాన్స్ కంపెనీ నుంచో అప్పు తీసుకుని ఇంకా వాయిదాలు కడుతున్నవారు, అప్పు తీరేదాకా ఈ మినహాయింపు పొందవచ్చు. తెలిసినవారి దగ్గర చేబదులు తెచ్చిన సొమ్ముకు ఇది వర్తించదు. పెట్రోలు బండికి ఈ సెక్షన్ ఏనాడూ లేదు.

అర్హత ఉన్నవారు కూడా పాత పన్ను విధానాన్ని ఎంచుకుంటేనే దీన్ని వాడుకోగలరు. కొత్త విధానంలో ఇది లేదు, పైగా మనం ఏమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానమే. ఇంతకీ ద్విచక్ర వాహనానికి లక్షన్నర పరిమితి వినడానికి ఘనంగా ఉన్నా, లక్ష రూపాయల అప్పుపై ఏడాది వడ్డీ ఏ పది వేలో అవుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి దానివల్ల మిగిలేది సెస్సుతో కలిపి రూ.2,080. ఆ కొద్ది మొత్తం కోసం పాత విధానానికి మారడం చాలామందికి నష్టమే. మారేవారు మాత్రం బ్యాంకు నుంచి వడ్డీ ధ్రువపత్రం తీసుకుని, అప్పు మంజూరు తేదీ, రుణ ఖాతా నంబరు, బండి రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర పెట్టుకుని రిటర్న్ నింపాలి.

నల్గొండ నుంచి దేవరకొండ వైపు రోజూ బండి మీద బడికి వెళ్లి వచ్చే ఉపాధ్యాయుడికి, ఆ బండి ధర మీద గాని, పెట్రోలు మీద గాని రిటర్న్‌లో విడిగా తీసివేయడానికి దారి లేదు. అందరు జీతగాళ్లకూ వచ్చే స్టాండర్డ్ డిడక్షన్‌తోనే సరిపెట్టుకోవాలి. అలాంటివారికి అసలు లాభం ఆదాయపు పన్నులో కాదు, రిజిస్ట్రేషన్ దగ్గర ఉంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్నులో, రిజిస్ట్రేషన్ ఫీజులో నూరు శాతం మినహాయింపు ఉంది. కనుక కొటేషన్ కాగితం మీద లైఫ్ టాక్స్ (రోడ్డు పన్ను) గడిలో సున్నా ఉందో లేదో చూడాలి. 'ఆర్టీఏ ఖర్చులు' అని మొత్తంగా రాసి ఉంటే విడదీసి చూపమని అడగాలి. ఈ మినహాయింపు తెలంగాణలో కొని తెలంగాణలో రిజిస్టర్ చేసిన బండికే కాబట్టి, దగ్గరని కర్నూలుకు వెళ్లే అలంపూర్, గద్వాల వాసులు, రాయచూరుకు వెళ్లే మక్తల్ వాసులు బేరానికి ముందే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జీఎస్టీ సంగతి సరే, అది ధరలోనే కలిసి ఉంటుంది: బ్యాటరీ బండికి 5 శాతం, 350 సీసీ వరకు పెట్రోలు బండికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం.

ఇక బండిని వృత్తికి, వ్యాపారానికి వాడేవారి విషయం వేరు. నా ఉద్దేశంలో శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసుకునేది కూడా ఇదే. వ్యాపారానికి వాడే పెట్రోలు బండి మీద ఏటా 15 శాతం, బ్యాటరీ బండి మీద 40 శాతం తరుగుదలను (వాడకంతో బండి విలువ తగ్గినందుకు చూపే ఖర్చును) ఆదాయం నుంచి తీసివేయవచ్చు. అప్పు మీద వడ్డీ, బీమా, మరమ్మతులు, పెట్రోలు కూడా ఖర్చు కిందికే వస్తాయి. ఈ ఖర్చులు కొత్త పన్ను విధానంలోనూ చెల్లుతాయి. అయితే అదే చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద, ఖర్చుల లెక్కలు చూపకుండా అమ్మకాల మీద 8 లేదా 6 శాతం లాభం చూపే కిరాణా దుకాణదారు ఇవన్నీ విడిగా అడగలేడు. ఆ శాతంలోనే అవి కలిసిపోయినట్టు చట్టం లెక్క. కమీషన్ మీద బతికేవారికి ఆ 44ఏడీ దారే లేదు. అందువల్ల బీమా ఏజెంటు, బత్తాయి తోటలు తిరిగి సరుకు కుదిర్చే కమీషన్ వ్యాపారి వంటివారికి బండి తరుగుదల నిజంగా పనికొస్తుంది.

నకిరేకల్, నల్గొండ మధ్య తిరిగే అలాంటి ఒక వ్యాపారి రూ.1,20,000 పెట్టి బ్యాటరీ బండి కొన్నాడని, పదింట ఏడు పాళ్లు పనికి, మూడు పాళ్లు ఇంటికి వాడతాడని అనుకుందాం. 40 శాతం అంటే రూ.48,000, అందులో పనికి చెందిన ఏడు పాళ్లు రూ.33,600. మొదటి ఏడాది అతని ఆదాయంలోంచి ఇంత తగ్గుతుంది. కానీ ఆ ఆర్థిక సంవత్సరంలో బండి పనికి వాడుకలో ఉన్నది 180 రోజులకు తక్కువైతే రేటు సగమే, అంటే రూ.16,800. లెక్కపెట్టి చూస్తే మామూలు సంవత్సరంలో అక్టోబర్ 3 లోపు బండి పనిలోకి దిగి ఉండాలి. మనవాళ్లు దసరాకే బండి కొంటారు కదా! 2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది గనుక, ఆనాడే బండిని పనిలో పెట్టినవారు ఒక్క రోజు తేడాతో పూర్తి తరుగుదలకు అర్హులయ్యారు. 2024లో పండుగ అక్టోబర్ 12న పడింది కాబట్టి అప్పుడు కొన్నవారికి సగమే. పండుగ ఆలస్యంగా వచ్చే ఏడాది ముహూర్తమా, తరుగుదలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

డబ్బు కట్టే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. వ్యాపార ఆస్తి కోసం ఒక వ్యక్తికి ఒకే రోజు రూ.10,000 మించి నగదు ఇస్తే, ఆ చెల్లింపు ఆస్తి ఖరీదులోకి రాదు. డౌన్ పేమెంట్ రూ.30,000 నోట్ల రూపంలో ఇచ్చిన పై వ్యాపారి రూ.90,000 మీదే తరుగుదల లెక్కించాలి. అకౌంట్ పేయీ చెక్కుతోనో, బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతోనో కడితే ఈ చిక్కు ఉండదు. బిల్లు, ఆర్సీ, అప్పు మూడూ రిటర్న్ వేసే మనిషి పేరు మీదే ఉండాలి. సెంటిమెంటు కొద్దీ భార్య పేరునో, కొడుకు పేరునో కొన్న బండికి తరుగుదల అడిగితే యజమాని ఎవరన్న ప్రశ్న ముందుగా వస్తుంది. బిల్లులోని జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా) తీసుకుందామని జీఎస్టీ నంబరు రాయించేవారున్నారు గానీ, సొంత తిరుగుడు బండికి ఆ క్రెడిట్ రాదు. దాన్ని ఖరీదులో కలుపుకొని తరుగుదల లెక్కించుకోవడమే మార్గం.

ఏడు పాళ్లు పనికి వాడాననడానికి ఆధారం ఏదని అధికారి అడిగితే చూపడానికి డిక్కీలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోవాలి. "జూన్ 12, మీటరు 4,312 నుంచి 4,364, నకిరేకల్ వైపు తోట బేరం" అని ఒక్క వరుస రాస్తే చాలు. ఇంటి మీటరుకు పెట్టి చార్జ్ చేసేవారు అదే వరుసలో ఆ రోజు ఎక్కిన యూనిట్లు కూడా రాసుకుంటే, ఇంటి కరెంటు బిల్లులోంచి బండి వాటా విడదీయడం ఆడిటర్‌కు సులువవుతుంది. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండితే మూడు యూనిట్లకు కాస్త ఎక్కువే లాగుతుంది.